రెండు జానలకు మూడు వేళ్ళు తక్కువ

మా ఆవిడ ఫోన్ చేసినప్పుడు నేను సైకిళ్ళ అంగట్లో ఉన్నాను. నా ముందు బల్ల మీద రెండు ఫోర్కులు ఉన్నాయి. ఎడమవైపుది షాకప్సుది. నల్లగా, లావుగా, కాళ్ళలో స్ప్రింగులు పెట్టుకుని ఉంది. కుడివైపుది ఉత్త ఇనుప ఫోర్కు. సన్నటి రెండు కాళ్ళు, కింది కొసలు కొంచెం ముందుకు వంగి ఉన్నాయి. రెండేళ్ళుగా కడుతున్న నా సైకిలుకు అన్నీ కుదిరాయి, ముందు చక్రాన్ని పట్టుకునే ఈ ఫోర్కు తప్ప.

"అన్న పోయినాడంట," అంది మా ఆవిడ. "వదిన ఇప్పుడే ఫోన్ చేసింది."

"సరే," అన్నాను.

"సరే ఏంది? యాడుండావు నువ్వు?"

"అంగట్లో."

ఆమె ఫోన్ పెట్టేసింది. నేను అంగడాయన్ని ఎడమవైపుదాని బరువు చూడమన్నాను. ఆయన తక్కెడలో పెట్టి చెప్పాడు. ఎక్కువే ఉందన్నాను. షాకప్సుది ఎక్కువే ఉంటుంది గదా సార్ అన్నాడు. ఏడుపు రాలేదు. నోరు మాత్రం ఎండిపోయినట్టుంటే నీళ్ళు అడిగి తాగాను.

మా ఆవిడ అన్న అంటే ఆమె పెదనాన్న కొడుకు. నాకు బావ. పేరు రాయడం లేదు. పేరు రాస్తే చుట్టాలంతా చదివి, పోయినవాడి గురించి ఇట్లాగా రాసేది అని నన్నే అంటారు. వాళ్ళు ఇంతకుముందు అన్నవే నా దగ్గర చాలా ఉన్నాయి.

ఆయన కొండ మీదికి బస్సు నడిపినవాడు. ఉద్యోగమంతా ఘాట్ రోడ్డు మీదే గడిచింది. రిటైరై వడమాలపేట దగ్గర సొంతూరికి వచ్చేశాక కూడా ఆయన కాళ్ళూ చేతులూ బస్సులోనే ఉండేవి. ఆటో ఎక్కితే కుడికాలు నేలను నొక్కేది. ముందర గొర్రెలు అడ్డం వస్తే ఆటో అతనికంటే ముందు ఈయన బ్రేకు వేసేవాడు. ఒక పెళ్ళి భోజనంలో నా పక్కనే కూర్చున్నాడు. వడ్డించేవాడు సాంబారు బకెట్టు పట్టుకుని జోరుగా వస్తుంటే బల్ల కింద ఈయన కాలు పడటం కళ్ళారా చూశాను. కోపంగా మాట్లాడేవాళ్ళను చూస్తే, "బ్రేకు కాదప్పా, గేరు తగ్గించాల," అనేవాడు. కొండ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టుకుని దిగేవాడు డ్రైవరు కాదని ఆయన సిద్ధాంతం. ఈ మాట నాతో చెప్పినన్ని సార్లు ఇంకెవరితోనూ చెప్పలేదు. అందులో ఉన్న ఎత్తిపొడుపు నాకు అర్థం కాలేదని ఆయన అనుకునేవాడు.

దేన్నీ బాగుందని అనేవాడు కాదు. బాగా నచ్చితే, "పరవాల్యా, పోతాది," అనేవాడు. అదే ఆయన దగ్గర పెద్ద మెప్పు. ఒకసారి శ్రీహరికోట నుంచి రాకెట్టు ఎగిరే సాయంత్రం మా మామిడితోటలో అందరం మిద్దె ఎక్కి నిలబడ్డాం. తూర్పున నిప్పు కడ్డీ లేచి, మబ్బు చీల్చుకుని, తోక వెనకాల తెల్లటి పొగ వదులుతూ పోయింది. పిల్లలు కేకలు పెట్టారు. పెద్దవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. బావ చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని అది కనుమరుగయ్యేదాకా చూసి, "పరవాల్యా, పోతాది," అని మిద్దె దిగిపోయాడు.

రాకెట్టుకే అంత మెప్పు అయితే నాబోటివాడికి ఏం దక్కుతుంది?

మా పెళ్ళిలో తాళి కట్టి నేను లేస్తుంటే ఈయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఆశీర్వదిస్తాడనుకున్నాను. నా గడియారం చూసి, "బావా, నీది వెనక నడస్తా ఉండాది," అన్నాడు. పందిట్లో అందరూ నవ్వారు. ముహూర్తం అయ్యవారి గడియారం ప్రకారం జరిగింది గానీ నా గడియారం ప్రకారం కాదు. ఈ సమాధానం అప్పుడు నోటికి రాలేదు. ఆ తర్వాత చాలామందికి చెప్పాను. తిరుపతిలో ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేసినప్పుడు మళ్ళీ వచ్చాడు. సత్యనారాయణ వ్రతం జరుగుతుంటే బయటికి పోయి గేటు తెరిచి మూసి, తెరిచి మూసి, లోపలికి వచ్చి నా చెవిలో, "ఇల్లు సరే. గేటు వీధిలోకి తెరుచుకుంటాదే. స్కూటర్లో పొయ్యేవాడి మొగం పగిల్తాది," అన్నాడు. చెవిలో అన్నాడన్న మాటే గానీ గొంతు కొండ మీది బస్సు హారన్. పురోహితుడు కూడా మంత్రం ఆపి గేటు వైపు చూశాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకు గేటు లోపలికి తెరుచుకునేట్టు మార్పించాను. ఆయన అన్నందుకు కాదు. కీలు వదులైంది.

ఇక సైకిలు సంగతి. ఆయన ఊరికి ఆనుకునే మా ఆవిడ వాటాకు వచ్చిన మామిడితోట ఉంది. ప్రతి ఆదివారం తిరుపతి నుంచి సైకిలు మీదే అక్కడికి పోతాను. పుత్తూరు రోడ్డు దాకా బాగానే ఉంటుంది. రోడ్డు దిగి తోటల్లోకి మళ్ళితే కంకర, గుంతలు, వంక దగ్గర ఇసక. ఆ దారిలో పాత సైకిలు తొక్కీ తొక్కీ నా కుడిచేతి చివరి రెండు వేళ్ళు మొద్దుబారడం మొదలైంది. మొదట ఆదివారం సాయంత్రానికి తగ్గేది. తర్వాత బుధవారం దాకా ఉండేది. ఆఫీసులో పెన్ను జారిపోయేది. డాక్టరు అరచేతిలో నరం నలుగుతోందన్నాడు. "సైకిలన్నా మార్చండి, తొక్కడమన్నా మానండి," అన్నాడు. మా ఆవిడకు అందులో రెండో సగమే వినపడింది. మళ్ళీ ఆ వేళ్ళు మొద్దుబారాయని తెలిస్తే సైకిలు పాత సామాన్లవాడికి ఇచ్చేస్తానని చెప్పింది. చెప్పింది చేసే మనిషి.

నాకు మోటారు బండి పడదు. బస్సు దిగి నడుద్దామంటే ఆ ఎండలో ఆ దూరం నడవలేను. ఎవరి బండి వెనకాలన్నా కూర్చుని పోవడం నా వల్ల కాదు. అందుకని రాళ్ళ మీదా ఇసకలోనూ తారు మీదా ఒకే తీరుగా, కుర్చీలో కూర్చున్నట్టు నడుము నిటారుగా పెట్టుకుని పోయే సైకిలు ఒకటి కట్టుకుందామనుకున్నాను. అంగళ్ళలో అట్లాంటిదాన్ని క్రూజరు అంటారు. పాత ఇనుప సామాన్ల కొట్టులో పొడుగాటి ఫ్రేము ఒకటి దొరికింది. గట్టిది. దానికి ఫోర్కు లేదు.

ఆ ఫ్రేమును, ముందు చక్రంతో సహా, బస్సులో వేసుకుని బావ ఇంటికి తీసుకుపోయాను. అడగటానికి కాదు, చూపించటానికి. ఆయన దాన్ని వాకిట్లో ఇటుకల మీద నిలబెట్టాడు. ముందు చక్రం తెచ్చి ముందర ఆనించాడు. దూరం పోయి చూశాడు, దగ్గరికి వచ్చి చూశాడు. ఒక ఇటుక తీశాడు. తర్వాత చక్రం ఇరుసు దగ్గరనుంచి ఫ్రేము మెడ దాకా చెయ్యి చాచి కొలవడం మొదలుపెట్టాడు.

"టేపు తెమ్మంటావా బావా?" అన్నాను.

"టేపెందుకప్పా? ఘాట్ రోడ్డులో బస్సుకీ కొండకీ మధ్య సందు టేపు పెట్టి సూసినానా?" అని మూడు వేళ్ళు మడిచి, "రెండు జానలకు మూడు వేళ్ళు తక్కువ. ఆ కొలతకు ఇనుప ఫోర్కు తెచ్చుకో పో," అన్నాడు.

"అంగుళాల్లో చెప్పు."

"జాన అంటే జానే. అది అంగుళాల్లో యాడుంటాది?"

ఆయన ఎట్లా చెప్పాడో అట్లాగే చేశాను. ఇది అందరూ గమనించాలి. చెన్నైలో ఒక పెళ్ళికి పోయినప్పుడు పాత సైకిలు సామాన్లు అమ్మే వీధికి పోయి, అక్కడ నలుగురు చూస్తుండగా చెయ్యి చాచి, వేళ్ళు మడిచి, ఫోర్కు తర్వాత ఫోర్కు కొలిచాను. అమ్మేవాడు తమిళంలో పక్కవాడితో ఏదో అని నవ్వాడు. సరిగ్గా రెండు జానలకు మూడు వేళ్ళు తక్కువ ఉన్నది దొరికింది. రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. ఆదివారం బావ వాకిట్లో బిగిస్తే సైకిలు గడ్డి మేసే మేకలాగా తల కిందికి పెట్టింది. టైరు పైన ఫోర్కుకు రాసుకుని చక్రం తిరగలేదు.

బావ నా చెయ్యి తీసుకుని తన అరచేతికి ఆనించి నిలబెట్టాడు. ఆయన వేళ్ళు నా వేళ్ళకంటే ఒక కణుపు పైకి ఉన్నాయి. అట్లాగే పట్టుకుని నన్ను రోడ్డు మీది టీకొట్టు దాకా నడిపించుకు పోయాడు. ఆదివారం పొద్దున అక్కడ ఎప్పుడూ కూర్చునేవాళ్ళు ఇద్దరుంటారు. ఒకరు ఎరువుల అంగడాయన, ఇంకొకరు పోస్టాఫీసులో పనిచేసి రిటైరైనాయన. టీకొట్టాయనతో కలిపి ముగ్గురు. వాళ్ళ ముందు మా రెండు చేతులూ ఎత్తి చూపించాడు.

"నేనేం జేసేదప్పా. నేను జెప్పిన కొలత సరిగ్గానే ఉండాది. మా బావ చెయ్యే పొట్టిది."

"నీ జాన అని చెప్పినావా నువ్వు?" అన్నాను.

"ఎవురి నోట్లోనించి వస్తే వాళ్ళ జానే గదా బావా!"

ఎరువుల అంగడాయన టీకొట్టాయన వైపు తిరిగి, "సారుకు సిన్న గ్లాసులో పొయ్యప్పా, పెద్దది చేతికి అందదు," అన్నాడు. ముగ్గురూ నవ్వారు. బావ అందరికంటే తర్వాత నవ్వాడు గానీ అందరికంటే ఎక్కువసేపు నవ్వాడు. అప్పటినుంచి ఆ టీకొట్టు దగ్గర నా పేరు పొట్టిఫోర్కు సారు.

కొలత చెప్పేవాడు ఎవరికి చెబుతున్నాడో చూసి చెప్పాలి. ఇది నేను బావతో చాలాసార్లు వాదించాను. ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఆ పొట్టి ఫోర్కును ఆయన భార్య, నేను అక్కా అని పిలుస్తాను, చిక్కుడుపాదు కింద పందిరికి ఊతంగా పెట్టుకుంది. తిరిగి ఇమ్మంటే కాయలు అయిపోనీ అంది.

ఆ అవమానం తర్వాత నేను ఇనుప ఫోర్కు వద్దనుకున్నాను. షాకప్సుదే వేస్తానన్నాను. రాయి తగిలితే స్ప్రింగు మింగుతుంది, చేతిదాకా రాదు. నలుగుతున్నది నా నరం. బావ ఒప్పుకోలేదు.

"ఆ ఫోర్కు పొడుగు బావా. నీ ఫ్రేము దానికి చేసింది కాదు. ముందర పైకి లేస్తాది. లేస్తే ముందు చక్రం నీ మాట ఇనదు."

"చెయ్యి నాది గదా నొచ్చేది."

"నొప్పి ఫోర్కులో లేదు. నువ్వు కూర్చునేదాంట్లో ఉండాది. ఒళ్ళంతా చేతుల మీద వేసి, ఎవురి మీదికో తగువుకు పోతా ఉన్నట్టు తొక్కుతావు. టైరు లావుది వెయ్యి. గాలి తగ్గించు. హ్యాండిలు ఎనక్కి తెచ్చుకో. సుమ్మా, ఊరకే కూర్చో. సగం నొప్పి ఆడనే పోతాది."

"ఎవరి మీదికి తగువుకు పోతున్నాను నేను?"

"అది నాకెట్ల తెలిసేది? నువ్వు జెప్పాల."

ఈ తగువు రెండు మామిడి కాపులు నడిచింది. లావు టైర్లు వేశాను. అవి నేను ముందే అనుకున్నవి. వెనక్కి వంగిన హ్యాండిలు కూడా ముందే అనుకున్నదే. ఫోర్కు దగ్గరే ఆగిపోయింది. ఒక ఆదివారం నేను పోయేసరికి బావ పక్క తోటవాళ్ళ సైకిలు అడిగి తెచ్చి, దాని షాకప్సు ఫోర్కు ఊడదీసి నా ఫ్రేముకు బిగిస్తున్నాడు. చేతులు నల్లగా గ్రీజు. "మాటలతో పని లేదు. తొక్కి సూడు," అన్నాడు.

తొక్కాను. రాళ్ళ మీద మెత్తగా ఉంది. ఈ మాట ఆయనకు వినపడేట్టు గట్టిగా అరిచి చెప్పాను కూడా. ముందర పైకి లేచి ఉండటంతో గుర్రం మీద ఉన్నట్టుంది. అది కూడా నాకు బాగానే ఉంది. వంకలోకి దిగే చోట నిదానం చేశాను. అక్కడ హ్యాండిలు బరువెక్కి ఒక పక్కకు వాలింది. నేను రెండో పక్కకు లాగాను. అది ఇంకా వాలింది. సైకిలూ నేనూ పోయి కంపచెట్ల కంచెలో పడ్డాం. నట్లు ఆయన సరిగ్గా బిగించలేదని నాకు ఇప్పటికీ అనుమానం.

బావ నడుచుకుంటూ వచ్చాడు, పరుగెత్తలేదు. నన్ను లేపి గట్టు మీద కూర్చోబెట్టి, నా వెనకాల కూర్చుని చొక్కాలోంచి ముళ్ళు తీయడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క ముల్లు తీసి నేల మీద పెట్టకుండా తన లుంగీ కొంగులో వేసుకున్నాడు, మళ్ళీ ఎవరి కాలికైనా గుచ్చుకుంటుందని. చాలాసేపు పట్టింది. నేను చెప్పలేదా అని అంటాడని ఎదురుచూశాను. దానికి జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆయన ఆ మాట అనలేదు. "చొక్కా కొత్తదా?" అన్నాడు. "కాదు," అన్నాను. "అయితే సరే," అన్నాడు. సాయంత్రానికి టీకొట్టులో చెప్పేశాడు. సారు కంచె కొలత తీసుకునేదానికి పోయినాడు అని.

ఆయన్ను ఆస్పత్రిలో చేర్చారని తెలిసినప్పుడు నేను సైకిళ్ళ అంగడాయనకు రెండు రకాల ఫోర్కులూ తెప్పించమని చెప్పి ఉన్నాను. ఇనుపది ఈసారి టేపు కొలతకు. ఎందుకు రెండూ అంటే, చూసి తేల్చుకుందామని. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. తిరుపతిలోనే పెద్దాస్పత్రి. ఆఫీసు నుంచి నేరుగా పోయాను. ఫోన్‌లో రెండు ఫోర్కుల బొమ్మలూ పెట్టుకుని పోయాను. నిజం చెప్పాలంటే తగువు పెట్టుకోవడానికే పోయాను. మనిషి పడుకుని ఉంటే కొంచెం తగ్గి మాట్లాడతాడేమో, ఒక్కసారన్నా నా మాట చెల్లుతుందేమో అనుకున్నాను.

మంచం మీద సగం లేచి దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. చెంపలు లోపలికి పోయాయి. ముక్కుకు గొట్టం. నన్ను చూసి కనుబొమ్మలు ఎత్తాడు, అంతే. ఎండ గురించి, మామిడి పూత గురించి చెప్పాను. తలాడించాడు. అప్పుడు ఫోన్ ఆయన కళ్ళ ముందు పెట్టాను.

"ఇదిగో బావా, ఇనుపది. ఇది షాకప్సుది. నేను షాకప్సుదే తీసుకుంటా ఉండా."

చూశాడు. రెండు బొమ్మలూ చూశాడు.

"నీ ఇష్టం బావా," అన్నాడు.

నాకు సరిగ్గా వినపడలేదేమో అనుకున్నాను. "షాకప్సుది. పొడుగుది. ముందర పైకి లేస్తాది," అన్నాను. పక్క మంచాల దగ్గరివాళ్ళు తిరిగి చూశారు.

"తీసుకో. నీకు ఏది బాగుంటే అది తీసుకో."

నేను ఆ మనిషి దగ్గర పడిన మాటలు ఇన్నీ అన్నీ కావు. గడియారం, గేటు, చెయ్యి, కంచె. అవన్నీ ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. మా పెళ్ళి అయినప్పటినుంచి ఆయన నోట నీ ఇష్టం అనే మాట నేను వినలేదు. టీలో చక్కెర ఎంత వేసుకోవాలో కూడా నా ఇష్టానికి వదిలిన మనిషి కాదు. ఎండలో పడి అంత దూరం తగువుకు వస్తే, వాకిలి తీయకుండానే పంపించినట్టు చేశాడు. ఫోన్ జేబులో పెట్టుకుని బయటికి వచ్చాను.

వరండాలో అక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "బావ నన్ను నీ ఇష్టం అన్నాడు," అని చెప్పాను. ఫిర్యాదు లాగానే చెప్పాను.

"నిన్నట్నించీ అందరికీ అదే జెప్తా ఉండాడు నాయనా," అంది. "డాక్టరుకి గూడా."

అంటే నాకోసం ప్రత్యేకంగా అన్నది కూడా కాదు. నేను మళ్ళీ ఆస్పత్రికి పోలేదు. పోయి ఏం మాట్లాడాలి?

ఇదంతా అంగట్లో బల్ల ముందు నిలబడి వరసగా తలుచుకున్నానని చెప్పను. అప్పుడు ఏదీ తలుచుకోలేదు. తల ఖాళీగా ఉంది. బయట రోడ్డు మీద యాత్రికుల బస్సులు పోతున్నాయి. అంగడాయన ఒకటికి రెండుసార్లు దగ్గి, "ఏది బిగించమంటారు సార్? వద్దన్నది మధ్యాహ్నం బండికి చెన్నై పంపించెయ్యాల," అన్నాడు.

షాకప్సుదాని మీద చెయ్యి వేశాను. ఇది బావ తీసుకోమన్న ఫోర్కు. ఇనుపదాని మీద వేశాను. ఇది బావ మొదట్నుంచీ చెప్పిన ఫోర్కు. దేన్ని తీసుకున్నా ఆయన మాటే నెగ్గుతుంది. నాకంటూ ఒక్కటి కూడా మిగల్చకుండా పోయాడు. ఆయన సంగతి పక్కన పెడితే మిగిలింది ఒక్కటే, ఆ ఫ్రేముకు ఏది సరిపోతుంది అనేది. అది నాకు కంచెలో పడ్డ రోజే తెలుసు.

"ఇది," అన్నాను, ఇనుపది చూపించి.

"ఇదా? మొన్నటిదాకా షాకప్సుదే అని పట్టుబట్టితిరే. ఎవురన్నా జెప్పినారా సార్?"

"ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను."

టేపు పెట్టి కొలవమన్నాను. కొలిచాడు. మళ్ళీ కొలవమన్నాను. సైకిలు అప్పటికే ఆ అంగట్లోనే మిగతా అంతా సిద్ధంగా ఉంది. ఫోర్కు ఎక్కించి, గుండ్లు పోసి గ్రీజు పెట్టి, చక్రం బిగించి, బ్రేకు సరిచేసేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. మా ఆవిడ మళ్ళీ ఫోన్ చేసింది.

"సాయంత్రానికే ఎత్తేస్తారంట. నేను ఆటోలో పోతా ఉండా. నీకోసం ఆగమంటావా?"

"వద్దు. నేను వస్తా."

"దేంట్లో?"

"సైకిలు అయిపోయింది."

ఆమె తిట్టలేదు. "నీళ్ళు పెట్టుకో," అంది.

కొత్త సైకిలును ముందు అలిపిరికి తీసుకుపోయి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం మా ఇళ్ళలో రివాజు. దానికి టైము లేదు. నేరుగా పుత్తూరు రోడ్డు ఎక్కాను. బావ గురించి ఆలోచించాలనుకున్నాను, చావుకు పోతున్నవాడు ఆలోచించాలి గదా. వెనక బ్రేకు ఒక చోట రాసుకుంటున్నట్టు చప్పుడు వస్తోంది. దాన్ని గురించే ఆలోచించాను. వడమాలపేట దాటి రోడ్డు దిగి తోటల దారి పట్టాను. కంకర మొదలైంది. లావు టైరు రాళ్ళను నొక్కుకుంటూ పోయింది. మెత్తగా లేదు. రాయి తగిలినప్పుడు తగిలిందని తెలుస్తోంది. వంకలోకి దిగేచోట నిదానం చేశాను. హ్యాండిలు ఒక పక్కకూ వాలలేదు. ఇసకలో కూడా ఎటు తిప్పితే అటే పోయింది.

వంక దాటాక దిగి నిలబడ్డాను. కుడి చెయ్యి తెరిచి మూశాను. ఉంగరపు వేలు ముట్టుకున్నాను, చిటికెన వేలు ముట్టుకున్నాను. రెండింటికీ స్పర్శ ఉంది. గోరుతో గిచ్చితే నొచ్చింది. ఇక నా సైకిలు పాత సామాన్లవాడికి పోదు. రెండేళ్ళు దీనికోసమే కొట్లాడాను. సంతోషించాలని తెలుసు. సంతోషం గానీ, ఇంకోటి గానీ ఏదీ రాలేదు. ఎవరివో మామిడి చెట్ల కింద ఆ ఎండలో కాసేపు అట్లాగే చెయ్యి చూసుకుంటూ నిలబడి, మళ్ళీ ఎక్కాను.

ఊళ్ళో చావుకు వాయించే పలకల మోత దూరం నుంచే వినపడింది. వాకిట్లో షామియానా వేశారు. బావను బెంచీ మీద పడుకోబెట్టి పూలదండలు వేశారు. సైకిలు ప్రహరీకి ఆనించి పోయి కాళ్ళ దగ్గర నిలబడ్డాను. మా ఆవిడ ఆడవాళ్ళలో కూర్చుని ఏడుస్తోంది. అక్క ఏడవటం లేదు. నన్ను చూసి, చొక్కా అంతా చెమట చూసి, "నీళ్ళు తాగినావా నాయనా?" అంది. తాగానన్నాను.

మగవాళ్ళు బయట వేపచెట్టు నీడలో కుర్చీలు వేసుకుని ఉన్నారు. నేను ముందు వరసలో ఒక కుర్చీలో కూర్చున్నాను. నా వెనక టీకొట్టువాళ్ళు ముగ్గురూ ఉన్నారు. కాసేపటికి వెనక నుంచి ఒక గొంతు, "ఆ సైకిలు సూడు. ఇనుపదే ఏసినాడు," అంది. ఇంకాసేపటికి అదే గొంతు నా వీపు మీదికి వంగి, "అయితే కడాకి మీ బావతో ఓడిపోతివి పో, పొట్టిఫోర్కు సారూ," అంది. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

చావు ఇంట్లో, నలుగురిలో, శవం ఇంకా వాకిట్లో ఉండగా అన్న మాట అది. దానికి జవాబు నా దగ్గర పొద్దుననుంచీ ఉంది. నేను ఓడిపోలేదు, ఆ ఫ్రేముకు అదే సరిపోతుంది కాబట్టి వేశాను, అంతే. లేచి నిలబడి ఆ మాట చెప్పి ఉండాల్సింది. పలకలు మళ్ళీ మొదలయ్యాయి. పాడె ఎత్తడానికి లేవండప్పా అని ఎవరో పిలిచారు. నేను వెనక్కి తిరిగేసరికి ఎరువుల అంగడాయన, పోస్టాఫీసాయన, టీకొట్టాయన ముగ్గురూ లేచి కండువాలు నడుముకు కట్టుకుంటున్నారు. అన్నది ఆ ముగ్గురిలో ఒకరే. ఎవరో ఒకరే.

ఆ రోజు ఆ వాకిట్లో ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఎవరు ఏ రంగు కండువా వేసుకున్నారో ఇప్పుడు అడిగినా చెబుతాను. ఆ మాట కూడా పొల్లు పోకుండా గుర్తుంది. ఎవరన్నారో మాత్రం, ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.